ఒకే పేరు, ఇద్దరు మనుషులు: మీకు తెలిసిన జంటలు రాయండి

తుంగతుర్తి_బాట

మొన్న మే నెలల మా ఊళ్లె భీమిరెడ్డి నర్సింహారెడ్డి గారి వర్ధంతి సభ పెట్టుకున్నం. తెలంగాణ సాయుధ పోరాటంల దళాలు నడిపిన మనిషి, తర్వాత మిర్యాలగూడ నుంచి 1971, 1984, 1991లల్ల ఎంపీగ గెలిచిన మనిషి. మా పెద్దలకు ఆయన ‘బీఎన్’. అంతే, ఇంకో మాట అక్కర్లేదు.

ఫ్లెక్సీ పని నా మీద పడ్డది. షాపుకు ఫోన్ చేసి ‘బి.ఎన్. రెడ్డి గారి ఫొటో పెద్దగ పెట్టి కొట్టు’ అన్న. సభ మొదలయ్యే యాళ్లకు వచ్చింది, స్టేజీ ఎనక కట్టినం. ఎనభై దాటిన ఒక తాత దండ ఎయ్యనీకి ముందుకొచ్చి, దండ చేతులనే పట్టుకొని నిలబడ్డడు. కండ్లద్దాలు తీసి, కండువతోటి తుడిచి, మళ్ల పెట్టుకొని చూసిండు. ‘బిడ్డా, ఈయన మా నర్సిమ్మారెడ్డి గాదు’ అన్నడు.

అది సినిమా బి.ఎన్. రెడ్డి గారి ఫొటో. ‘మల్లీశ్వరి’ తీసిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి. ఇద్దరూ బి.ఎన్. రెడ్డే, ఇద్దరూ నరసింహారెడ్డే. షాపాయన తప్పేం లేదు, నేను చెప్పిందే సగం పేరు. ఆ తాత దండను ఫ్లెక్సీకి ఎయ్యలేదు, మడిచి టేబుల్ మీద పెట్టిండు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

తర్వాత కూసొని ఇద్దరి గురించి చదివిన. 1951 అక్టోబర్‌ల సాయుధ పోరాటం విరమించిన్రు. అదే ఏడు డిసెంబర్‌ల ‘మల్లీశ్వరి’ విడుదలైంది. ఒక బీఎన్ అడవుల తుపాకి దించిన కాలంలనే ఇంకో బీఎన్ మద్రాసుల రాయలకాలం పల్లెను తెర మీద కడుతున్నడు. నాకైతే ఇద్దరి మీద గౌరవం రెండింతలైంది.

ఇసొంటి జంటలు ఇంకా ఉంటయి కదా. తెలిసినోళ్లు రాయండి. పేరు ఒక్కటి చెప్పి ఇడవకుండ, ఇద్దరిని ఎట్ల గుర్తుపట్టాల్నో సుత చెప్పండి.

పులివెందుల_గాలి

అన్నా, మీ పోస్టు చదివి చాలాసేపు అట్లే కూర్చున్నా. ఆ సినిమా బి.ఎన్. రెడ్డి గారిది మా పక్క ఊరే, కొత్తపల్లి. 1908లో పుట్టినారు. ఆయన్ను తప్పు చోట కట్టినందుకు మీరు బాధపడినారు చూడండి, అది చాలు.

ఇంకొక చిక్కు కూడా చెప్తా. చాలామంది బి.ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డి ఒకరే అనుకుంటారు. కాదు, అన్నదమ్ములు. సినిమా సంస్థలు చూస్తే అన్నది వాహినీ, తమ్ముడిది విజయా. 1951లోనే అన్న ‘మల్లీశ్వరి’, తమ్ముడి సంస్థ ‘పాతాళభైరవి’ వచ్చినాయి, రెండింటిలోనూ హీరో రామారావు గారే. ‘చందమామ’ 1947 జులైలో మొదలుపెట్టింది తమ్ముడు నాగిరెడ్డి, చక్రపాణి గారితో కలిసి. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అన్నకు 1974కు, తమ్ముడికి 1986కు. తెలుగు సినిమాకు ఆ అవార్డు తెచ్చిన మొదటివాడు అన్నే. ఆ జాబితా చూసేటప్పుడు కూడా జాగ్రత్త. 1970కి అందుకున్నాయన బి.ఎన్. సర్కార్, కలకత్తా న్యూ థియేటర్స్ ఆయన. అక్కడా ఒక ‘బీఎన్’!

నాగిరెడ్డి అంటే మా సీమలో ఇంకొకరు గుర్తొస్తారు, తరిమెల నాగిరెడ్డి. ‘టీఎన్’ అంటే అనంతపురం జిల్లాలో ఇప్పటికీ గొంతు మారుతుంది. 1952 ఎన్నికల్లో అనంతపురంలో ఆయన ఓడించింది ఎవరిననుకున్నారు? సొంత బావను, నీలం సంజీవరెడ్డి గారిని. టీఎన్ చెల్లెలు నాగరత్నమ్మ గారు సంజీవరెడ్డి గారి భార్య. ఆ బావ తర్వాత రాష్ట్రపతి అయినారు, ఈ బావమరిది అసెంబ్లీ సభ్యత్వాన్ని వదిలేసి విప్లవంలోకి పోయినారు. కోర్టులో ఆయన ఇచ్చిన వాంగ్మూలమే ‘తాకట్టులో భారతదేశం’ పుస్తకమయింది. చందమామ నాగిరెడ్డికీ ఈ నాగిరెడ్డికీ చుట్టరికం లేదు, పేరొకటే.

పాతరేడియో

నాకు తెలిసిన జంటల్లో నాకు బాగా ఇష్టమైనది జానకిలది.

షావుకారు జానకి, గాయని ఎస్. జానకి. ‘షావుకారు’ అనే మాట ఒకరికి ఉంది కాబట్టి ఇబ్బంది లేదనుకుంటాం. కానీ ఇంటిపేర్లు చూడండి. షావుకారు జానకి గారు శంకరమంచి వారు. గాయని జానకి గారు శిష్ట్లా వారు. అంటే ఇంటిపేరు తొలి అక్షరంతో రాస్తే ఇద్దరూ ఎస్. జానకిలే! సినిమా పేరు ఒకరికి అంటుకోబట్టి మనం బతికిపోయాం.

షావుకారు జానకి గారు 1931లో రాజమండ్రిలో పుట్టారు. ‘షావుకారు’ 1950లో వచ్చింది, విజయా వారి మొదటి సినిమా. అంతకు ముందు ఆమె రేడియో నాటకాలు వేసేవారు. రేడియోలో ఆమె గొంతు విని సినిమాకు అడిగింది ఎవరో తెలుసా? పైన చెప్పుకుంటున్న బి.ఎన్. రెడ్డి గారే. ఆ తర్వాత తమ్ముడి సినిమాలో అవకాశం వచ్చింది. నటి కృష్ణకుమారి ఆమె చెల్లెలు.

గాయని జానకి గారిది రేపల్లె దగ్గర పల్లపట్ల. 1938లో పుట్టారు. సినిమా పాట 1957లో తమిళంతో మొదలు, అదే ఏడు తెలుగులో ‘ఎమ్మెల్యే’ సినిమాకు పెండ్యాల గారి దగ్గర ఘంటసాలతో పాడారు. 2013లో పద్మభూషణ్ ప్రకటిస్తే తీసుకోలేదు. దక్షిణాది కళాకారులకు రావాల్సినంత గుర్తింపు రావడం లేదని గట్టిగా చెప్పారు. ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి!

కొల్లేటి_కొంగ

ఘంటసాల పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. సంగీత దర్శకుడు తమన్ మన ఘంటసాల గారి మనవడే కదండీ? మా ఆఫీసులో అందరూ అలాగే అంటారు.

పాతరేడియో

తమన్ గారు ఘంటసాల గారి మనవడే, కానీ మీరనుకునే ఘంటసాల గారి మనవడు కాదండి. ఆయన తాతగారు ఘంటసాల బలరామయ్య, ప్రతిభా సంస్థ పెట్టిన నిర్మాత, దర్శకుడు. నెల్లూరు జిల్లా వాసి. బెజవాడ స్టేషన్లో అక్కినేని నాగేశ్వరరావు గారిని చూసి ‘శ్రీ సీతారామ జననం’లో రాముడి వేషం ఇచ్చింది ఆయనే, 1944లో.

పాటల ఘంటసాల వెంకటేశ్వరరావు గారు గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టారు. విచిత్రం ఏమిటంటే, ఆయన మొట్టమొదట బృందగానంలో గొంతు కలిపిందీ, చిన్న వేషం వేసిందీ ఆ ‘సీతారామ జననం’లోనే. ఇద్దరు ఘంటసాలలు ఒకే సినిమాలో ఉన్నారన్నమాట. అందుకే ఈ అయోమయం ఇంత గట్టిగా నాటుకుంది.

ఇంకో మాట. ఘంటసాల అనేది అసలు ఊరి పేరు. కృష్ణా జిల్లాలో ఉంది, పాత బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. ఆ ఊరి నుంచి ఎప్పుడో బయల్దేరిన వాళ్లు ఎక్కడ స్థిరపడినా ఆ పేరును వెంట తీసుకెళ్లారు.

విజినారం_వీణ

పాతరేడియో గారూ, ఘంటసాల గారి గురించి మా విజయనగరం వాళ్లం ఒక్క ముక్క కలుపుతాం. ఆయన ఇక్కడ సంగీత కళాశాలలో చదువుకునే రోజుల్లో తిండికి జోలె పట్టుకుని మధుకరం చేసేవారు. ఇంటింటికీ వెళ్లి ‘భవతి భిక్షాందేహి’ అనడం. తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి చదువు చెప్పారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకూ వెళ్లారు. మనవళ్ల సంగతి తప్పు చెప్పుకోవడం ఒకటి, ఈ కష్టం తెలియకపోవడం ఇంకొకటి. నాకు రెండోదే ఎక్కువ బాధ.

డాలస్_దారి

నేను అమెరికాలో స్టాటిస్టిక్స్ పని చేస్తాను. మా వాళ్లతో మాట్లాడినప్పుడల్లా ఒక తప్పు వింటాను: ‘మన సి.ఆర్. రావు గారికి భారతరత్న వచ్చింది కదా.’ కాదు. భారతరత్న అందుకున్నది సి.ఎన్.ఆర్. రావు గారు, 2014లో, సచిన్‌తో పాటు. ఆయన బెంగళూరు వారు, రసాయన శాస్త్రవేత్త.

సి.ఆర్. రావు గారు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులకు ఎనిమిదో సంతానం కాబట్టి, దేవకి ఎనిమిదో బిడ్డ కృష్ణుడి పేరు పెట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖ – తండ్రిగారి బదిలీల వెంట చదువులు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎమ్మే, తర్వాత కలకత్తా.

అక్కడ పాఠం చెబుతున్నప్పుడు ఒక విద్యార్థి లేచి ప్రశ్న అడిగాడు: ఒక అంచనాలో తప్పు ఎంతకు తగ్గించగలమో చెప్పే హద్దు, పెద్ద నమూనాలకే కాదు, చిన్న నమూనాలకూ ఉంటుందా అని. ఈయన ఆ రాత్రి కూర్చుని లెక్క చేసి మర్నాడు జవాబు తెచ్చారు. 1945లో అచ్చయింది. అదే ఇవాళ ప్రపంచమంతా ‘క్రామర్–రావు హద్దు’ అంటోంది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు నిండుతున్నాయి. ఆ ప్రశ్న అడిగిన విద్యార్థి వి.ఎం. దాండేకర్, తర్వాత పేరున్న ఆర్థికవేత్త అయ్యారు.

2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఆయనకే ఇచ్చారు, ఆ ఏడు ఆగస్టులోనే బఫెలోలో పోయారు, 102 ఏళ్లకు. నేను ఇక్కడ రోజూ వాడే సాఫ్ట్‌వేర్లో ‘రావు’ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. పక్కసీటు చైనా అమ్మాయికి ఆయన మా వాడు అని చూపించాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరుతో గణిత సంస్థ ఉంది. మన పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లి ఆ బోర్డు చూపించండి.

తెనాలి_తిరగలి

నాది చిన్న ముక్క. విలన్లు. రాజనాల అంటే అందరికీ ఒక్కరే. ఆయన రాజనాల కాళేశ్వరరావు, కావలి వారు, నెల్లూరులో రెవెన్యూ ఉద్యోగం చేసి 1953లో ‘ప్రతిజ్ఞ’తో వచ్చారు. కానీ ‘దొంగరాముడు’లో బాబులుగాడు వేసింది ఆయన కాదు, రాజనాల నాగేశ్వరరావు. ‘మాయాబజార్’లో దుశ్శాసనుడూ ఆయనే. టైటిళ్లలో ‘ఆర్. నాగేశ్వరరావు’ అని పడేది. ఆ దశాబ్దం దాటకుండానే పోయారు పాపం. దానితో ఆయన వేషాలు కూడా జనం కాళేశ్వరరావు గారి ఖాతాలో వేసేశారు. బాబులు డైలాగు చెప్పినప్పుడల్లా దయచేసి సరైన మనిషి పేరు చెప్పండి.

మునగపాక_మాస్టారు

ఇదంతా చదువుతుంటే సంతోషంగానే ఉంది. కానీ ఒక అభ్యంతరం. ఇక్కడ చాలామంది ఇంటిపేరు చూసే మనుషుల్ని విడదీస్తున్నారు. ఇంటిపేరు రాయగానే మన దగ్గర మొదట చూసేది కులం. నా బడిలో పిల్లలు ఇంటిపేర్లు అడిగి తెలుసుకుని విడివిడిగా కూర్చునే రోజులు నేను చూశాను. అందుకే హాజరుపట్టీలో నేను పొట్టి అక్షరాలే పిలుస్తాను.

పైగా ఇంటిపేరు కూడా స్థిరం కాదు. శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్ది వారింట్లో. దత్తు వెళ్లాక శ్రీరంగం అయ్యారు. పుట్టినింటి పేరు పట్టుకుని వెతికితే మహాకవి దొరకడు.

ఇక గోరా గారి సంగతి చెబుతాను, ఇది కూడా జంటే. గోపరాజు రామచంద్రరావు, నాస్తికోద్యమ నాయకుడు గోరా. గోవిందు రామశాస్త్రి, ‘తెలుగు స్వతంత్ర’, ‘ఆంధ్రభూమి’ సంపాదకుడు గోరాశాస్త్రి. రెండూ ఇంటిపేరు తొలి అక్షరం, సొంత పేరు తొలి అక్షరం కలిపి చేసుకున్నవే. చాలామంది గోరాశాస్త్రి సంపాదకీయాలను నాస్తిక గోరా రాసినట్టు చెబుతుంటారు.

నాస్తిక గోరా వృక్షశాస్త్రం లెక్చరరు. దేవుడి మీద రాసిన వ్యాసానికి 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. జంధ్యం తీసేశారు. పిల్లల పేర్లు చూడండి: ఉప్పు సత్యాగ్రహం నాటి కొడుకు లవణం, యుద్ధకాలం నాటివాడు సమరం, తొమ్మిదో బిడ్డ నౌ. ఏ పేరులోనూ దేవుడూ లేడు, కులమూ లేదు. ఆ లవణం గారు పెళ్లి చేసుకున్నది గుర్రం జాషువా గారి కూతురు హేమలతను. పేరు ఇలా పెట్టుకోవచ్చని చూపించిన ఇల్లు అది.

తుంగతుర్తి_బాట

మాస్టారూ, మీరు చెప్పింది నిజం. నేను ఆ దిక్కు ఆలోచించలే. మా ఊళ్లె సుత ఇంటిపేరు అడిగి కుర్చీ చూపే ఇండ్లు ఉన్నయి.

అయితె నాకొక దారి తోస్తున్నది. ఇంటిపేరు రాయ మనసు ఒప్పకుంటె ఊరి పేరు రాద్దాం. ఊరు అందరిది కదా. కరివిరాల బీఎన్, కొత్తపల్లి బీఎన్. చౌటపల్లి ఘంటసాల. మా దిక్కు పాతోళ్లు మనుషుల్ని అట్లనే పిలుస్తరు.

పాలమూరు_పిట్ట

ఊరి పేరు మంచిదే తమ్మీ. మా నారాయణరెడ్డిల సంగతి దీనికి సరిపోతది. రావి నారాయణరెడ్డి గారిది బొల్లేపల్లి. 1952ల నల్లగొండ నుంచి లోక్‌సభకు నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లతోటి గెలిచిండు. సి. నారాయణరెడ్డి గారిది హనుమాజీపేట. ఆయనది సింగిరెడ్డి ఇల్లు. ఇంగ్లీషుల ‘సి’ అక్షరంతోటి రాసుకున్నందుకు మనకు ‘సినారె’ అయిండు. చిన్నప్పుడు చదువంత ఉర్దూ మీడియంల చదివి, తెలుగుల ‘విశ్వంభర’ రాసి 1988కి జ్ఞానపీఠం తెచ్చిండు. ఒక పరీక్షల ‘సాయుధ పోరాట నాయకుడు నారాయణరెడ్డి’ అంటె మా చెల్లె సినారె అని రాసింది. ఆ తప్పు నాకింక యాదికున్నది, ఎందుకంటె దానికి నేనే చెప్పిచ్చిన.

కూచిపూడి_గజ్జె

ఊరి పేరు అన్నిసార్లూ పనికిరాదండీ! మా కూచిపూడిలో వెంపటి వారిలో ఇద్దరు సత్యాలు ఉండేవారు. ఊరూ ఒకటే, ఇంటిపేరూ ఒకటే, పేరూ ఒకటే, విద్యా ఒకటే. మరి ఏం చేశారు? పెద్ద సత్యం, చిన సత్యం అన్నారు. అంతే, తేలిపోయింది.

పెద సత్యం గారు మద్రాసు సినిమాల్లో డ్యాన్స్ డైరెక్టరు. చిన సత్యం గారు మొదట ఆయన దగ్గరే సహాయకుడిగా చేశారు. తర్వాత సినిమా వదిలేసి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఇవాళ ప్రపంచంలో కూచిపూడి నేర్చుకునే పిల్లల్లో చాలామంది ఆయన శిష్యులో, శిష్యుల శిష్యులో. 1998లో పద్మభూషణ్ వచ్చినా పేరులో ‘చిన’ అలాగే ఉంది. ఆ మాటను ఆయన ఎప్పుడూ వదులుకోలేదు. మా అమ్మమ్మ ‘చిన సత్యం మేష్టారు’ అనేటప్పుడు ఆ ‘చిన’ను కాస్త సాగదీసి అనేది. పెద్దాయన ఒకరున్నారని ఆ సాగదీతలోనే తెలిసేది.

కొల్లేటి_కొంగ

పాతరేడియో గారూ, ఇవాళ ఆఫీసులో తమన్ గారి తాతగారెవరో సరిచేసి చెప్పాను. అందరూ ఫోన్లు తీసి వెతుక్కున్నారు. ఇంకొకటి నేనే కనిపెట్టాను, సరిచూడండి. ‘శంకరాభరణం’ తీసిన కె. విశ్వనాథ్ గారిలో ‘కె’ అంటే కాశీనాథుని. అమృతాంజనం పెట్టిన, ఆంధ్రపత్రిక నడిపిన నాగేశ్వరరావు పంతులు గారి ఇంటిపేరే. నాగేశ్వరరావు గారిది కృష్ణా జిల్లా యలకుర్రు, విశ్వనాథ్ గారిది రేపల్లె వైపు పెదపులివర్రు.

పాతరేడియో

సరిగ్గా చెప్పారు. రెండు ఊళ్లూ కృష్ణ ఒడ్డు దేశమే, నది మధ్యలో ఉంది.

పులివెందుల_గాలి

తుంగతుర్తి అన్నా, ఒకటి అడగాలనుకుంటా ఉండా. ఆ తప్పు ఫ్లెక్సీ ఏం చేసినారు? పారేసినారా?

తుంగతుర్తి_బాట

పారేయలే అన్నా. మొన్న మల్ల సభ పెట్టినం, చిన్నగనే, గ్రంథాలయం ముంగట. కొత్త ఫ్లెక్సీ మీద ‘భీమిరెడ్డి నర్సింహారెడ్డి, కరివిరాల’ అని రాయించిన. ఫొటోను అచ్చుకు ముందే ఆ తాత ఇంటికి తీస్కపోయి చూపిచ్చిన. ఆయన ఏలు పెట్టి మీసం దగ్గర తడిమి ‘ఈయనే’ అన్నడు. ఇంట్ల నుంచి నర్సింహారెడ్డి గారి చెల్లె మల్లు స్వరాజ్యం గారి ఫొటో సుత తెచ్చి పక్కన పెట్టమన్నడు, పెట్టినం. ఈసారి దండ ఆయనే ఏసిండు.

పాత ఫ్లెక్సీల సినిమా బీఎన్ గారి ముఖం ఉన్న కాడికి కత్తెరతోటి తీరుగ కోసిన. అట్ట మీద అంటిచ్చి, అద్దం ఏయించి, గ్రంథాలయంల ‘చందమామ’ బైండు పుస్తకాలున్న బీరువ మీద పెట్టినం. కింద మా బడి పిల్లగాడు సక్కటి రాతతోటి రాసిండు: ‘బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి, కొత్తపల్లి, కడప జిల్లా. మల్లీశ్వరి దర్శకుడు. చందమామ నాగిరెడ్డి గారి అన్న.’